49 రోజులు కదలని కారు

బ్రేకు తొక్కిన ప్రతిసారీ మామూలు కారు మనం పోయించిన పెట్రోలులో కొంత భాగాన్ని వేడి చేసి గాలిలో కలిపేస్తుంది. ఇంధనం మండించి, టన్ను బరువున్న బండికి వేగం తెస్తాం. ఫర్లాంగు పోకముందే సిగ్నల్ పడుతుంది. ఖర్చుపెట్టి తెచ్చుకున్న వేగమంతా బ్రేకు ప్యాడ్ల ఒరిపిడిలో వేడిగా మారిపోతుంది. ఆగినచోట ఇంజను ఊరికే తిరుగుతూ ఇంకాస్త తాగుతుంది. పచ్చదీపం పడగానే కథ మళ్లీ మొదటికొస్తుంది. అమీర్‌పేటలో రోజూ జరిగేది ఇదే, టోక్యోలో జరిగేదీ ఇదే.

ఈ దుబారాకు విరుగుడు ఏమిటో 20వ శతాబ్దం మొదట్లోనే కొందరికి తెలుసు. ఇంజనుతో పాటు ఒక కరెంటు మోటారును, ఒక బ్యాటరీని బండిలో పెట్టాలి. ఇంజనుకు చేతకాని చోట మోటారు పనిచెయ్యాలి. ఆలోచన ఇంతే. అయినా అది మామూలు మనిషి కొనుక్కునే కారుగా రోడ్డెక్కడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఎందుకంత ఆలస్యమైందో వెతుకుతూ పోతే దొరికే సమాధానమే హైబ్రిడ్ కారు అసలు కథ అని నేననుకుంటాను.

1900 ప్రాంతంలో వియన్నాలో లోనర్ అనే బళ్ల తయారీ సంస్థలో పాతికేళ్ల ఫెర్డినాండ్ పోర్షే పనిచేసేవాడు. చక్రాల మధ్యలోనే మోటార్లు బిగించిన కరెంటు బండిని అతను అప్పటికే చేశాడు. సీసపు బ్యాటరీల బరువు మోయలేక అది ఎంతో దూరం పోయేది కాదు. అందుకని బ్యాటరీ తగ్గించి, రెండు చిన్న పెట్రోలు ఇంజన్లతో దారిలోనే కరెంటు పుట్టించే బండిని తయారుచేశాడు. బెల్జియంలోని లీజ్ నగరానికి చెందిన హెన్రీ పీపర్ 1905లో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు ఇంజనుకు సాయం చేస్తుంది, ఇంజనుకు పని తక్కువగా ఉన్నప్పుడు అదే మోటారు బ్యాటరీ నింపుతుంది అని అందులో రాశాడు. ఈనాటి హైబ్రిడ్ గురించి చెప్పాలన్నా దాదాపు ఇదే చెప్పాలి. 1909లో పేటెంటు వచ్చింది. కానీ అప్పటికే ఫోర్డ్ మోడల్ టి అమ్మకాలు మొదలయ్యాయి. 1912లో కాడిలాక్ కార్లకు సెల్ఫ్ స్టార్టర్ రావడంతో హ్యాండిల్ తిప్పి ఇంజను లేపే అవస్థ కూడా పోయింది. పెట్రోలు చవక. రెండు యంత్రాలున్న ఖరీదైన బండి ఎవరికి కావాలి?

మళ్లీ ఈ ఊసెత్తిన వాళ్లలో న్యూయార్క్ ఇంజనీరు విక్టర్ వూక్‌ను తలుచుకోకుండా ఉండలేను. నవలాకారుడు హెర్మన్ వూక్‌కు ఈయన తమ్ముడు. అమెరికా పర్యావరణ సంస్థ శుభ్రమైన కార్ల కోసం ఒక పథకం పెడితే, చార్లెస్ రోజెన్‌తో కలిసి ఒక బ్యూక్ స్కైలార్క్ కారును హైబ్రిడ్‌గా మార్చి 1974లో పరీక్షకు తెచ్చాడు. పొగ బాగా తగ్గింది, మైలేజ్ కూడా మెరుగైంది. అయినా ఆ సంస్థ ముందుకు వెళ్లనివ్వలేదు. సొంత డబ్బు పెట్టుకుని చేసిన పని అలా మూలపడింది. అరబ్ దేశాలు చమురు ఆపేసి పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరిన రోజులవి. అలాంటి రోజుల్లోనూ ఆ కారును పట్టించుకోకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1993 సెప్టెంబరులో రెండు చోట్ల ఒకేసారి పని మొదలైంది. అమెరికాలో అధ్యక్షుడు క్లింటన్ డెట్రాయిట్‌లోని మూడు పెద్ద కంపెనీలతో కలిసి, మైలేజ్‌ను మూడింతలు చేసే కారు కోసం ఒక ఉమ్మడి కార్యక్రమం ప్రకటించాడు. జపాన్ కంపెనీలకు అందులో చోటు లేదు. అదే నెలలో టొయోటా తన కార్యాలయంలో జీ-21 పేరుతో చిన్న బృందాన్ని కూర్చోబెట్టింది. 21వ శతాబ్దంలో కారు ఎలా ఉండాలో ఇప్పటి నుంచే ఆలోచించాలని కంపెనీ పెద్ద ఎయిజి టొయోడా పట్టుబట్టడమే దానికి మూలం. అమెరికా కార్యక్రమం నుంచి మంచి నమూనా కార్లే వచ్చాయి గానీ షోరూముకు ఒక్కటీ రాలేదు. జీ-21 నుంచి ప్రియస్ వచ్చింది.

ఆ బృందానికి నాయకుడిగా తకేషి ఉచియమదాను వేశారు. 1969లో టొయోటాలో చేరిన మనిషి. కారులో చప్పుళ్లు, అదురు తగ్గించడం ఆయన విద్య. అంతకుముందు ఏ కారుకూ చీఫ్ ఇంజనీరుగా చెయ్యలేదు. తనకు తెలియనిది చాలా ఉందని గ్రహించి, ఇంజను, బాడీ, కరెంటు, ఉత్పత్తి విభాగాల వాళ్లందరినీ ఒకే పెద్ద గదిలో కూర్చోబెట్టాడు. చిక్కు వచ్చినప్పుడల్లా ఫైలు పట్టుకుని అంతస్తులు తిరిగే పని లేకుండా అక్కడికక్కడే తేల్చుకునే వీలు కలిగింది. ఈ పద్ధతి తర్వాత టొయోటా మొత్తానికి పాకింది.

బృందం మొదట పెట్టుకున్న గురి అప్పటి కార్లకంటే మైలేజ్ సగం మేర పెంచడం. ఇంజను మెరుగుపరిస్తే సాధించగలమని లెక్క వేసుకున్నారు. 1994 చివర్లో కంపెనీ ఉన్నతాధికారి అకిహిరో వాదా ఆ లెక్క తిప్పికొట్టాడు. అలాంటి మెరుగుదల ఎవరైనా చేస్తారు, రెట్టింపు చేయలేకపోతే ఈ ప్రాజెక్టే వద్దన్నాడు. ఉన్న ఇంజన్లతో రెట్టింపు కుదరదు. మిగిలిన దారి హైబ్రిడ్ ఒక్కటే. మనసులో ఎంత విసుక్కున్నారో గానీ కాగితాల మీద 80 రకాల హైబ్రిడ్ అమరికలు రాసుకుని, ఒక్కొక్కటే వడపోసి 1995 మధ్యకు ఒకదాన్ని పట్టుకున్నారు.

ఆ ఒక్కదాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. ఇందులో గేరుబాక్సూ లేదు, క్లచ్చూ లేదు. అరచేతిలో పట్టే పళ్లచక్రాల గుత్తి ఒకటుంది. మధ్యలో 30 పళ్ల సూర్యచక్రం. దాని చుట్టూ చిన్న గ్రహచక్రాలు. వాటన్నిటినీ చుట్టి లోపలివైపు 78 పళ్లున్న వలయం. గ్రహచక్రాలను మోసే చట్రానికి ఇంజను బిగిస్తారు. సూర్యచక్రానికి ఒక జనరేటరు. బయటి వలయానికి పెద్ద మోటారు, దాని ద్వారా కారు చక్రాలు. ఇంజను తిప్పే బలంలో 72 శాతం వలయం మీదుగా నేరుగా చక్రాలకు పోతుంది, 28 శాతం జనరేటరుకు పోతుంది. పళ్ల లెక్క వల్ల ఈ వాటా ఎప్పుడూ మారదు. మారేది వేగాలు. జనరేటరు వేగాన్ని కంప్యూటరు పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, కారు ఏ వేగంలో పోతున్నా ఇంజను తనకు అనువైన వేగంలోనే తిరుగుతుంది. ఇంజనును లేపేదీ జనరేటరే, అందుకే వేరే స్టార్టరు లేదు. ఇలాంటి అమరికకు అమెరికాలో టీఆర్‌డబ్ల్యూ సంస్థ ఇంజనీర్లు 1971లోనే పేటెంటు తీసుకున్నారు. దాన్ని క్షణక్షణం నడిపించగల కంప్యూటరు మాత్రం ఆనాడు కారులో పట్టేది కాదు.

ఇంజను విషయంలోనూ పాత ఊహే పనికొచ్చింది. ఇంగ్లండుకు చెందిన జేమ్స్ అట్కిన్‌సన్ 1882లో పేటెంటు చేసిన పద్ధతి అది. మండిన వాయువును మామూలు ఇంజనుకంటే ఎక్కువసేపు వ్యాకోచించనిస్తే అందులోంచి ఎక్కువ పని పిండుకోవచ్చు. అలాంటి ఇంజనుకు మొదలెట్టేటప్పుడు బలం చాలదు. ఒంటరిగా కారులో పెడితే డ్రైవరు తిట్టుకుంటాడు. పక్కన మోటారు ఉంటే ఆ లోటు తెలియదు, ఎందుకంటే మోటారు సున్నా వేగం నుంచే పూర్తి బలంతో లాగుతుంది. దేని లోటు ఏది పూడుస్తుందో చూసి జతచేయడంలోనే ఈ బృందం ప్రతిభ అంతా ఉంది.

1995 నవంబరులో మొదటి నమూనా కారు తయారైంది. స్టార్ట్ చేస్తే కదలలేదు. మర్నాడూ కదలలేదు. వైరింగా, ప్రోగ్రామా, మోటారా, లోపం ఎక్కడుందో తెలియదు. ఇంజను నిపుణుడికి మోటారు తెలియదు, మోటారు నిపుణుడికి ఇంజను తెలియదు. అలా 49 రోజులు. డిసెంబరు చివర్లో ఒకనాటికి అది కదిలింది. 500 మీటర్లు పోయి ఆగిపోయింది. అప్పటికే ఆ ఏడాది టోక్యో మోటారు షోలో ప్రియస్ పేరుతో ఒక నమూనాను జనానికి చూపించేశారు. అది వేరే అమరికతో చేసిన బండి. కంపెనీ కొత్త అధ్యక్షుడు హిరోషి ఒకుదా 1998 చివరికి అనుకున్న విడుదలను ఏడాది ముందుకు జరిపి 1997 డిసెంబరుకు తెచ్చాడు. 500 మీటర్లు నడిచిన కారును రెండేళ్లలో అమ్మకానికి పెట్టాలి!

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది బ్యాటరీ. ఎండకు వేడెక్కిపోయేది, చలికి నీరసించిపోయేది. కంపెనీ పెద్దలు కారు నడిపి చూడ్డానికి వచ్చినప్పుడు ఒక ఇంజనీరు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చునేవాడు. బ్యాటరీ వేడి హద్దు దాటి అంటుకోకుండా కనిపెట్టడం అతని పని. చివరికి మత్సుషితా సంస్థతో కలిసి 1996 డిసెంబరులో బ్యాటరీల కోసమే ఉమ్మడి కంపెనీ పెట్టారు. మొదటి ప్రియస్‌లో టార్చిలైటు సెల్లంత నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు 240 వరసపెట్టి 288 వోల్టులు సాధించారు.

హైబ్రిడ్ బ్యాటరీని చాలామంది కరెంటు కారు బ్యాటరీకి తమ్ముడనుకుంటారు. దాని స్వభావమే వేరు. అమ్మలు పోపుల డబ్బాలో దాచుకునే చిల్లర లాంటిది. సంసారమంతా దానితో నడవదు. బ్రేకు తొక్కినప్పుడు నాలుగు రాళ్లు పడతాయి, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు తీసి వాడుకుంటాం. పూర్తిగా నింపకుండా, పూర్తిగా ఖాళీ చెయ్యకుండా కంప్యూటరు మధ్యస్థంగా ఉంచుతుంది కాబట్టే అది ఏళ్ల తరబడి మన్నుతుంది.

ఇక మన దేశానికి సంబంధించిన పాయ. బ్యాటరీ ఇచ్చేది డీసీ కరెంటు. మోటారుకు కావలసింది ఏసీ, అదీ బండి వేగాన్ని బట్టి మారుతుండే ఏసీ. వందల వోల్టుల కరెంటును క్షణానికి వేలసార్లు ఆపుతూ వదులుతూ ఉంటేనే అది సాధ్యం. ఆ పని చేసే స్విచ్ చిన్నదిగా ఉండాలి, వేడెక్కకూడదు, కాలిపోకూడదు. పోర్షేకు లేనిది, వూక్‌కు అందనిది ఇదే. ఉచియమదా టొయోటాలో చేరిన 1969లోనే మద్రాసు ఐఐటీ నుంచి జయంత్ బాలిగా అనే విద్యార్థి పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్లాడు. మద్రాసులో పుట్టి, బెంగళూరు దగ్గర జాలహళ్లిలో పెరిగినవాడు. జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో పనిచేస్తూ 1980 ప్రాంతంలో ఐజీబీటీ అనే ట్రాన్సిస్టరును రూపొందించాడు. అప్పట్లో కంపెనీకి కావలసింది ఏసీ మిషన్ల మోటార్లను పొదుపుగా నడిపే సాధనం, కారు ఎవరి తలపులోనూ లేదు. కంపెనీ అధిపతి జాక్ వెల్చ్‌ను ఒప్పించి, కొద్ది ఏళ్లలోనే దాన్ని సరుకుగా మార్చాడు. పదిహేనేళ్ల తర్వాత ప్రియస్ గుండెకాయలో కూర్చున్నది ఆ జాతి స్విచ్చే. టొయోటా దాన్ని బయట కొనకుండా తన హిరోసే కర్మాగారంలో సొంతంగా చేసుకుంది. ఫిన్లాండ్ ఇచ్చే మిలీనియం టెక్నాలజీ ప్రైజు 2024లో బాలిగాకు వచ్చింది. రైళ్లు, గాలిమరలు, ఇన్వర్టర్ ఏసీలు అన్నీ ఆయనకు రుణపడి ఉన్నాయి. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పాఠం ఒక్కటైనా ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

1997 డిసెంబరు 10న ప్రియస్ జపాన్‌లో అమ్మకానికొచ్చింది. సరిగ్గా ఆ వారమే క్యోటోలో ప్రపంచ దేశాలు కూర్చుని వాతావరణ ఒప్పందం మీద తర్జనభర్జన పడుతున్నాయి. ధర 21 లక్షల 50 వేల యెన్లు. జపాన్ కొలమానం ప్రకారం లీటరుకు 28 కిలోమీటర్లు. నెలకు వెయ్యి కార్లు చాలనుకున్నారు, గిరాకీ చూసి త్వరలోనే ఉత్పత్తి రెట్టింపు చెయ్యాల్సి వచ్చింది.

అమెరికాలో మాత్రం ముందు దిగింది హోండా. 1999 చివర్లో వచ్చిన ఇన్‌సైట్ రెండే సీట్ల కారు. అల్యూమినియం బాడీ, ఒక లీటరు మూడు సిలిండర్ల ఇంజను. మోటారు దానికి చేయూతనిచ్చేదే తప్ప ప్రియస్‌లో లాగా ఒంటరిగా బండిని లాగేది కాదు. మైలేజ్‌లో ప్రియస్‌నే మించింది. ఇద్దరు మాత్రమే కూర్చునే కారు ఎందరికి పనికొస్తుంది? 2000లో ప్రియస్ కూడా అక్కడికి చేరింది. కాలిఫోర్నియాలో 2005 నుంచి, ఒంటరిగా డ్రైవ్ చేస్తున్నా సరే, హైబ్రిడ్ కార్లను కార్‌పూల్ లేన్‌లో పోనిచ్చారు. దానికోసం ఇచ్చిన పసుపు స్టిక్కర్లు 85 వేలు. 2011 జులై దాకా ఆ సౌకర్యం నడిచింది. బే ఏరియాలో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగువాళ్లలో చాలామంది హైబ్రిడ్‌ను మొదట ఎరిగింది ఆ రోజుల్లోనే. పెట్రోలు ఆదాతో పాటు ఆఫీసుకు త్వరగా చేరడం కూడా కలిసొచ్చింది.

నేను హైబ్రిడ్ నడిపేది హైదరాబాదులో. బటన్ నొక్కితే రెడీ అని దీపం వెలుగుతుంది, చప్పుడుండదు. పార్కింగ్ నుంచి బయటికి వచ్చేదాకా మోటారే లాగుతుంది. లక్డీకాపూల్ దగ్గర ట్రాఫిక్ పేరుకున్నప్పుడు ఇంజను ఆగిపోయినా ఏసీ మాత్రం ఆగదు, ఎందుకంటే దాని కంప్రెసరు బెల్టు మీద కాక కరెంటు మీద తిరుగుతుంది. టొయోటా ఆ మార్పు 2003లో వచ్చిన రెండో తరం ప్రియస్‌తో తెచ్చింది, మే నెలలో దాని విలువ మనకు తెలుస్తుంది. తెర మీద ఇంజను, మోటారు, బ్యాటరీ, చక్రాల మధ్య బాణాలు అటూ ఇటూ పరుగెడుతుంటాయి. వాటిని చూస్తూ చూస్తూ మన కాలి పద్ధతే మారిపోతుంది. సిగ్నల్ దూరంగా కనబడగానే యాక్సిలరేటరు వదిలేస్తాం. చివర్లో గట్టిగా తొక్కితే మామూలు బ్రేకులు పనిచేసి శక్తి వేడిగా పోతుందనీ, ముందునుంచీ మెల్లగా తొక్కితే అది బ్యాటరీకి చేరుతుందనీ తెలిసిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే వేగంతో పోతే లాభం తగ్గుతుంది. ఊళ్లో మైలేజ్ హైవే మైలేజ్‌కు సమానంగానో అంతకంటే మెరుగ్గానో రావడం మామూలు కార్లు నడిపినవాళ్లకు నమ్మబుద్ధి కాదు.

తిరుమల నుంచి కిందికి దిగేటప్పుడు ఇంకొకటి గమనించవచ్చు. వరసగా పల్లం కావడంతో చిన్న బ్యాటరీ కొంత దూరంలోనే నిండిపోతుంది. ఆ పైన వచ్చే శక్తిని దాచడానికి చోటుండదు. అప్పుడు జనరేటరు పెట్రోలు లేకుండానే ఇంజనును గిరగిరా తిప్పుతూ బండిని నిలవరిస్తుంది. గేరు లివరు మీద బి అక్షరం ఉన్నది అందుకే. ఇంజను అరుస్తోందని కంగారుపడక్కర్లేదు.

బంకులో కుర్రాళ్లు ఇప్పటికీ "చార్జింగ్ ఎక్కడ పెడతారు సార్?" అని అడుగుతుంటారు. ఎక్కడా పెట్టక్కర్లేదు. చూసుకోవలసినవి వేరే ఉన్నాయి. వెనక సీటు పక్కన చిన్న జాలీ ఉంటుంది, బ్యాటరీకి గాలి అందేది అక్కడి నుంచే. బ్యాగులో, దుప్పటో అడ్డంపెడితే, దుమ్ము పేరుకుంటే బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. ఊరెళ్లి వారాల తరబడి బండిని వదిలేస్తే పెద్ద బ్యాటరీ బాగానే ఉన్నా, కంప్యూటర్లను మేల్కొలిపే 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోయి బండి రెడీ కాదు. పాత హైబ్రిడ్ కొనేవాళ్లు ముందు ఈ రెండూ చూడాలి.

మన దేశానికి హోండా సివిక్ హైబ్రిడ్ 2008లోనూ ప్రియస్ 2010లోనూ వచ్చాయి. ప్రియస్ ధర పాతిక లక్షలు దాటింది. ఆ డబ్బుకు మనవాళ్లు ఇంకా పెద్ద బండి కొనుక్కున్నారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు 28 శాతం పన్ను మీద 15 శాతం సెస్సు వేసి హైబ్రిడ్లను విలాస వస్తువుల పక్కన నిలబెట్టారు. కరెంటు కారు మీద పన్ను 2019లో 5 శాతానికి దిగింది. రెంటి మధ్య ఇంత తేడా న్యాయం కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. చార్జర్ లేని అపార్ట్‌మెంటులో ఉండే మనిషి పెట్రోలు వాడకం తగ్గించుకోవడానికి ఉన్న దారిని పన్నుతో మూసేశాం. 2022లో హోండా సిటీ, టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్లు వచ్చాక గానీ మధ్యతరగతి ఇటు చూడలేదు. హైరైడర్, విటారాల అధికారిక మైలేజ్ లీటరుకు 27.97 కిలోమీటర్లు. బ్యాటరీ 0.76 యూనిట్లది, ఇస్త్రీపెట్టెను గంటసేపు నడిపితే ఖాళీ అయిపోయేంత.

ఇవన్నీ 4 మీటర్లు దాటిన బళ్లే. 2025 సెప్టెంబరు 22 నుంచి మారిన జీఎస్టీలో 4 మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోలు హైబ్రిడ్‌కు 18 శాతం పన్ను, దానికంటే పెద్దదైతే 40 శాతం. జీ-21 బృందంలో కుర్రవాడిగా చేరిన సతోషి ఒగిసో తర్వాత చీఫ్ ఇంజనీరై చేసిన చిన్న కారు ఒకటుంది. పేరు ఆక్వా. 2011 డిసెంబరులో విడుదలై, 2013లో జపాన్‌లో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైంది. బ్యాటరీని వెనక సీటు కిందికి చేర్చి డిక్కీ వదిలిపెట్టాడు. ఆ తొలి ఆక్వా పొడవు 3,995 మిల్లీమీటర్లు, మన గీతకు 5 మిల్లీమీటర్లు లోపల. ఇంజను మాత్రం 1,496 సీసీ, గీత దాటింది. 1,200 సీసీ లోపు మంచి పెట్రోలు ఇంజన్లు మన దేశంలో ఏటా లక్షల్లో తయారవుతున్నాయి. టొయోటా తన హైబ్రిడ్ పేటెంట్లు దాదాపు 24 వేలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని 2019లోనే ప్రకటించింది. ఆక్వా అంత కారుకు అలాంటి ఇంజను జతచేసి, పది పన్నెండు లక్షల్లో అమ్మగలిగే కంపెనీ ఏదైనా ముందుకు రావాలి.